పసుపులా కనిపించే రంగు

నేను ఒక గడపని. రామచంద్రపురంలో గున్నేశ్వరరావు ఇంటి వీధి గుమ్మానికి అడుగున పడి ఉంటాను. నన్ను తొక్కకూడదట, నా మీద కూర్చోకూడదట, నాకు అటొకరు ఇటొకరు నిలబడి ఏదీ ఇచ్చిపుచ్చుకోకూడదట. నేను సాక్షాత్తూ లక్ష్మినట. ఇన్ని మాటలు చెప్పే మనుషులే చెప్పులకి అంటిన పేడ నా అంచుకేసి గీకి, ఏమీ ఎరగనట్టు లోపలికి పోతారు. కింద పడి ఉండేదాన్ని గనక నాకు వాళ్ళ మొహాలకంటే పాదాలే బాగా తెలుసు. ఆ పాదాలు ఎక్కడ తిరిగి వస్తాయో చూశాక వాళ్ళ మీద నాకు గౌరవం నిలవలేదు.

నాది మద్దికర్ర. వడ్రంగి నన్ను చెక్కి ద్వారబంధంలో బిగిస్తే, అడుగున నవధాన్యాలు పోసి, ముహూర్తం చూసి ఒక బట్టల వర్తకుడి ఇంట్లో నిలబెట్టారు. ఆ ఇంటి ఇల్లాలు శుక్రవారం శుక్రవారం పసుపు ముద్ద చేసి నాకు రాసేది, బియ్యప్పిండితో గీతలు వేసేది, కుంకుమ బొట్లు పెట్టేది. చేత్తో పసుపు రాస్తూ నోటితో తోడికోడల్ని తిట్టిపోసేది, అది వేరే సంగతి. పసుపు మాత్రం అసలైనది, నా కర్రలోకి ఇంకేది. ఆవిడ పోయిన ఏడాదే కొడుకులు ఇల్లు పడగొట్టి, అన్నేళ్ళు మొక్కిన లక్ష్మిని కిటికీ చెక్కలతో కలిపి లారీలో పడేసి పాత కలప కొట్టుకి తోలేశారు.

అక్కణ్ణుంచి నన్ను తెచ్చుకున్నవాడు గున్నేశ్వరరావు. బియ్యం మిల్లులో గుమాస్తాగా చేసి మానేసిన మనిషి. ఎవరేమన్నా "సరే లెండి" అనడమే ఆయన జీవితమంతా చేసిన ఉద్యోగం. ఆయన భార్య వరహాలమ్మ కొత్తల్లో నాకు బాగానే పసుపు రాసింది. కొన్నాళ్ళకి నడుం నొప్పన్నది. ఇంకొన్నాళ్ళకి తీరిక లేదన్నది. చివరికి వీధిలో అందరూ చేస్తున్న పనే చేసింది. రంగులవాణ్ణి పిలిచి పసుపుపచ్చ ఆయిల్ పెయింటు వేయించి, దాని మీద తెల్ల గీతలు, ఎర్ర బొట్లు పెట్టించింది. ఒక్క డబ్బాతో ఐదేళ్ళ భక్తి గుమ్మంలో ఆరిపోయింది. నేను ప్లాస్టిక్ బిందెలా నిగనిగలాడుతూ పడి ఉన్నాను.

అలాగే ఉండనిచ్చినా బాగుండేది. కొడుకు చక్రధర్‌కి తుని సంబంధం కుదిరింది. కరెంటాఫీసులో పనిచేసే ఆ అబ్బాయికి తల్లి చెప్పింది వినడం తప్ప వేరే అభిప్రాయాలు లేవు. పెళ్ళి పనుల్లో సాయానికని గున్నేశ్వరరావు అక్క బుల్లెమ్మ వచ్చింది. సాయం సంగతి దేవుడెరుగు, వస్తూనే గుమ్మంలో ఆగి, పమిట చెంగు ముక్కు దగ్గర పెట్టుకుని, మా ఇంట గడపకి పసుపు రాస్తాం గానీ ఇలా రంగులు పుయ్యం అమ్మా అని దీర్ఘం తీసింది. కొత్త కోడలు అడుగుపెట్టే గడప ఇదేనా అని కూడా అంది.

వరహాలమ్మకి రాత్రికి రాత్రే భక్తి పుట్టుకొచ్చింది. తెల్లారగానే పసుపు కలిపి నాకు రాసింది. ఆయిల్ పెయింటు మీద పసుపు నిలుస్తుందా? జారి అరుగు మీదకి కారింది. మళ్ళీ రాసింది, మళ్ళీ కారింది. అప్పుడు ఆవిడ బుర్రకి ఒక ఉపాయం తట్టింది. గోడలకి వేసే నీళ్ళ రంగు ఉంటుంది, మెరుపు లేకుండా పొడిపొడిగా ఆరుతుంది. అది పసుపు రంగులో కలిపించి నా మీద వేస్తే, రోజూ చేత్తో రాసిన పసుపులాగే కనపడుతుంది. బుల్లెమ్మ నోరు మూతపడుతుంది. చూడండి ఆవిడ తెలివి. బద్ధకాన్ని దాచడానికి ఒక రంగు, ఆ రంగుని దాచడానికి ఇంకో రంగు.

గున్నేశ్వరరావు రంగు డబ్బాతో పాటు ఉప్పు కాగితం కూడా తెచ్చాడు. నున్నగా మెరిసే రంగు మీద ఇది పట్టదు, ముందు బాగా రుద్ది గరుకు చేయాలని కొట్లో వాడు చెప్పాడట. ఆయన కింద కూర్చుని ఒక్క రాపిడి రాపాడో లేదో వరహాలమ్మ పరుగెత్తుకొచ్చింది. పెళ్ళి పెట్టుకుని గడపని గీకుతారా, లక్ష్మి మొహం గీకినట్టు కాదూ, ఇంట్లో నిలుస్తుందా అని గుండెలు బాదుకుంది. పేడ గీకితే లేచిపోని లక్ష్మి కాగితంతో రుద్దితే లేచిపోతుందట. ఆయన సరే లెండి అని కాగితం అవతల పారేసి, నా మెరుపు మీదే కొత్త రంగు పులిమేశాడు. ఆరాక నిజంగానే పసుపులా ఉన్నాను. లోపల మాత్రం ఆ పూత నన్ను పట్టుకోలేదని నాకు తెలుసు.

పెళ్ళయి కోడలు హైమవతి వచ్చిన రోజు గుమ్మం ముందు వీధి వీధంతా ఉంది. ఎర్రనీళ్ళతో దిష్టి తీశారు, సగం నా మీదే ఒలికాయి. బియ్యం పోసిన ఇత్తడి చెంబు పొద్దుటినుంచీ తడి అడుగుతో నా మీదే కూర్చుని ఉంది. ఆడపిల్లలు అడ్డం నిలబడి మొగుడి పేరు చెప్పమంటే హైమ సిగ్గుపడుతూ చెప్పింది. అందరూ నవ్వారు. కుడికాలితో చెంబు తోసింది.

చెంబుతో పాటు నా పూత లేచింది. జానెడు పట్టీ ఒకటి తడి పారాణికి అతుక్కుని ఆ పిల్ల పాదానికి వేలాడింది. హైమ కాలు విదిలిస్తే ఇంకాస్త ఊడింది. నవ్వులు ఆగిపోయాయి. అప్పుడు బుల్లెమ్మ అందరికీ వినపడేలా అంది.

"అడుగు పెట్టకుండానే గడప లక్ష్మి ఊడొచ్చింది."

ఆ పిల్ల ఒంటికాలి మీద నిలబడి అత్తగారి మొహంలోకి చూసింది. అది ఉత్త రంగేనమ్మా, సరిగ్గా వెయ్యలేదు అంటే సరిపోయేది. కానీ ఆ మాట అంటే, రోజూ పసుపు రాసే ఇల్లాలు కాదని పదిమందికీ తెలుస్తుంది. వరహాలమ్మ మొగుడి వంక చూసింది. మొగుడు దూలం వంక చూశాడు. కట్టె నేను, నాకు నోరు లేదు. వీళ్ళకి ఉండీ ఏడిసింది.

ఇక ఆ ఇంట్లో పాలు విరిగినా, మోటారు కాలినా వీధివాళ్ళు ఆ గడప సంగతే ఎత్తారు. మా ఇంట్లో పేరంటానికి కోడల్ని తీసుకురాకు వదినా అని ఒకావిడ మొహమాటం లేకుండా చెప్పేసింది. వరహాలమ్మ సరేనంది. చిరిగిన పూతతో నేను గుమ్మంలో అలాగే ఉన్నాను. గీకడానికీ భయమే, మళ్ళీ వెయ్యడానికీ భయమే. హైమ నా వైపు రావడం మానేసింది. కూరలకి వెళ్ళినా, మొగుడితో గుడికి వెళ్ళినా పెరటి గుమ్మంలోంచే వెళ్ళేది. నెలల తరబడి ఆ పిల్ల పాదం నేను చూడలేదు. మొగుడుగారు అది గమనించనైనా లేదు.

ఆషాఢం వచ్చింది. కొత్త కోడలు పుట్టింటికి వెళ్ళాల్సిన నెల కాబట్టి తండ్రి తునినుంచి వచ్చాడు. నెలరోజులకి నాలుగు చీరలు చాలు. హైమ ముందు గదిలో కూర్చుని పెట్టెలో పెళ్ళి పట్టుచీరలు, చలికాలం శాలువా, గోడమీద తగిలించిన తన అమ్మ ఫోటో కూడా సర్దుకుంది. పెట్టె తెరిచి ఉండగా వరహాలమ్మ చూసింది. చూసి అడగలేకపోయింది. హైమ పెట్టె ఎత్తుకుని పెరటివైపు నడుస్తుంటే మాత్రం, ప్రయాణమై వెళ్ళేదానివి వీధి గుమ్మంలోంచి వెళ్ళమ్మా అంది.

"వద్దత్తయ్యా. మళ్ళీ ఏదన్నా ఊడితే ఇంకెవరికి చెప్పుకోను?"

గట్టిగా కూడా అనలేదు. కోపమన్నా ఉంటే వరహాలమ్మ తగాదా పడేదేమో. ఆవిడ అక్కడే నా పక్కన చతికిలబడింది. లేచి వియ్యంకుడి దగ్గరికి వెళ్ళి, అన్నయ్యగారూ, ఈ ఒక్క పూట ఆగండి, రేపు పొద్దున్న పంపిస్తాను అని చేతులు పట్టుకున్నంత పని చేసింది.

ఆ ఎండలో కుంకుమ భరిణె పట్టుకుని ఇంటింటికీ తిరిగింది. పెళ్ళికి ఎవరెవరికి బొట్టు పెట్టి పిలిచిందో వాళ్ళందరికీ మళ్ళీ బొట్టు పెట్టి సాయంత్రం పేరంటానికి రమ్మంది. బుల్లెమ్మకి కబురు పెట్టి ఆటోలో రప్పించింది. ఆషాఢంలో పేరంటమేమిటని వాళ్ళు చెవులు కొరుక్కుంటూనే వచ్చారు. శనగలిస్తారంటే మనుషులు ఎక్కడికైనా వస్తారు.

అందరూ అరుగు మీద సర్దుకున్నాక వరహాలమ్మ నా ముందు కూర్చుని, చిరిగిన పూతలోకి గోరు దూర్చి లాగింది. ఉడికిన దుంప తొక్కలా ఈ చివరినుంచి ఆ చివరికి ఒక్క లాగులో వచ్చేసింది. కింద పాత ఆయిల్ పెయింటు నిగనిగలాడింది. ఊడిన పట్టీ చేత్తో ఎత్తి అందరికీ చూపించింది.

"నేను గడపకి పసుపు రాసి ఏళ్ళయింది. ఇది గోడ రంగు. రుద్ది వెయ్యాలంటే వద్దన్నది నేను. ఆ రోజు ఊడింది ఇదీ, నా అబద్ధమూను. నా కోడలి పాదం తప్పు కాదు."

చెప్పి, అందరి ముందూ ఏడ్చేసింది. గున్నేశ్వరరావుకి అప్పుడు పౌరుషం వచ్చి, నేనప్పుడే చెప్పాను కదా అన్నాడు. నాకు ఇన్నేళ్ళలో ఆయన మీద అంత అసహ్యం ఎప్పుడూ వెయ్యలేదు. పేరంటాళ్ళు మాకు తెలుసమ్మా, మేమెప్పుడన్నా ఏమన్నా అన్నామా అంటూ ఒకరినొకరు ఓదార్చుకున్నారు. కోడల్ని తీసుకురావద్దన్న ఆవిడే హైమ బుగ్గలు పుణికింది. బుల్లెమ్మ శనగలు కొంగున కట్టుకుని, మూతి తిప్పుకుని, లోపల పెట్టిన సంచీ తీసుకుని నన్ను తొక్కుకుంటూ వెళ్ళిపోయింది. హైమ తలుపు చాటున నిలబడి అంతా విన్నది. ఇవతలికి వచ్చి, అత్తగారి కాళ్ళ దగ్గర పడిన రంగు పొరలు ఏరి, చీపురుతో ఊడ్చేసింది.

మనుషుల మీద నా అభిప్రాయం మారిందనుకునేరు, మారలేదు. వీధి వీధంతా అబద్ధం నమ్మడానికి ఒక్క క్షణం పట్టింది, ఒక్క మనిషి నిజం చెప్పడానికి నెలలు పట్టింది. మర్నాడు పొద్దున్న తండ్రి పెట్టె పట్టుకుని ముందు నడిచాడు. రాత్రి అందులోంచి ఏమన్నా తీసి పెట్టేసిందో, అది ఇంకా నిండుగానే ఉందో నాకు తెలీదు. వెనకాల హైమ వీధి గుమ్మంలోకి వచ్చి ఆగింది. వరహాలమ్మ లోపలనుంచి చూస్తోంది. ఆ పిల్ల కుడికాలు ఎత్తి నన్ను దాటింది. దాటాక కాలికి ఏమన్నా అంటిందేమోనని కిందకి చూసుకోలేదు.