మైనస్ నాలుగు

చేపముక్కలో ముళ్ళు తీయాలంటే ఆమె కళ్ళజోడు నెత్తిమీదికి తోసుకుని, పళ్ళెం మీదికి ముక్కు తగిలేంతగా వంగుతుంది. వెంట్రుకవాసి ముల్లయినా ఆమె కంటిని తప్పించుకోలేదు. ముందు అత్తగారి పళ్ళెం, తర్వాత మొగుడి పళ్ళెం, ఆ తర్వాత కాలేజీకెళ్ళే కూతురి పళ్ళెం. ఆ పిల్లకి పద్దెనిమిది నిండాయి, ఫోనులో ఆవగింజంత అక్షరాలు రోడ్డు మీద నడుస్తూ చదివేస్తుంది, చేపముల్లు మాత్రం కనిపించదు. అందరివీ అయ్యాక తన పళ్ళెం ముందు కూర్చునేసరికి అన్నం చల్లారిపోయి ఉంటుంది, ఓపిక అంతకుముందే అయిపోయి ఉంటుంది. తన ముక్క ముళ్ళతోనే నమిలేస్తుంది. ఆ ఆదివారం కూడా అదే పనిలో ఉండి, తల ఎత్తకుండానే అంది: "నేను కళ్ళకి లేజర్ చేయించుకుందామనుకుంటున్నాను."

"ఈ వయసులోనా? ఎవరి కోసం ఈ సోకులు?" అన్నాడు మొగుడు. ఆయన బీమా ఆఫీసులో పెద్ద గుమాస్తా. ఇంట్లో ఎవరేమడిగినా ముందు వయసు కనుక్కుని తర్వాత మాట్లాడటం ఆయనకి అలవాటు. "కళ్ళతో ఆటలేమిటే అమ్మాయ్? ఉన్నవి ఊడగొట్టుకుంటావా?" అంది అత్తగారు. "అమ్మా, కళ్ళజోడు లేకపోతే నువ్వు నువ్వులా ఉండవు," అంది కూతురు. ముగ్గురూ మూడు మాటలన్నారు గానీ ఒక్కరూ పళ్ళెం మీంచి చెయ్యి తీయలేదు. ముల్లు తీసిన ముక్క ఇటు జరపమని అత్తగారు వేలితో సైగ కూడా చేసింది.

ఆమెకు నలభై ఆరేళ్ళు. ఎనిమిదో తరగతి నుంచీ కళ్ళజోడు, రెండు కళ్ళకీ మైనస్ నాలుగు. అద్దాలు తీస్తే బారెడు దూరంలో మనిషి కూడా అలుక్కుపోయి కనిపిస్తాడు. జానెడు దూరంలో మాత్రం ఆమె చూపుకి తిరుగులేదు. ఆ సంగతి అత్తవారింట్లో మొదటి వారమే కనిపెట్టారు. అత్తగారు 'భూతద్దం' అని పేరు పెట్టి, ఆ పేరుని ముద్దుపేరుగా ఖరారు చేసేసింది. సూదిలో దారం ఎక్కించడానికి భూతద్దం, వేలిలో దిగిన పేడు తీయడానికి భూతద్దం, మందుబిళ్ళల అట్ట వెనక తేదీ చదవడానికి భూతద్దం. మొగుడు ప్రతి పెళ్ళికీ ముందు మొహం పైకెత్తి నిలబడితే ఆయన ముక్కులో నెరిసిన వెంట్రుకలు కత్తిరించేది కూడా ఆమే. ఇది ఒక పని అని ఎవరూ అనుకోలేదు. నిజం చెప్పాలంటే, ఆమె కూడా అనుకోలేదు. తనలో పనికొచ్చేది ఒకటుందని కొన్నాళ్ళు మురిసిపోయింది కూడా. ఆ మురిపెం తలుచుకుంటే ఇప్పుడు ఒళ్ళు మండుతుంది.

ఉద్యోగం చేసేదీ కళ్ళతోనే. రక్తపరీక్షల ల్యాబ్‌లో ఇరవై రెండేళ్ళుగా సూక్ష్మదర్శిని ముందు కూర్చుంటోంది. కళ్ళజోడు తీసి లోపలికి చూడాలి, కణాలు లెక్కపెట్టాలి, కళ్ళజోడు పెట్టుకుని ఎదురుగా కంప్యూటర్లో ఎక్కించాలి, మళ్ళీ తీయాలి. ముక్కు మీద రెండు గుంటలు శాశ్వతంగా పడిపోయాయి. రిపోర్టు కింద సంతకం మాత్రం పై అంతస్తులో కూర్చునే పెద్ద డాక్టరుగారిది. ఆయన గొట్టంలోకి కన్ను పెట్టి ఎన్నేళ్ళయిందో ఆయనకే గుర్తులేదు. పదోన్నతి సంగతి అడిగినప్పుడు "మీరు చేసేది చూసి చెప్పడమే కదమ్మా" అన్నవాడే, లేజర్ మాట చెవిన పడగానే "అయ్యో, మీ కళ్ళ మీదే కదా మన ల్యాబ్ నడుస్తోంది, ఎందుకొచ్చిన ప్రమాదం!" అన్నాడు. తనవి అంత విలువైన కళ్ళని ఇన్నేళ్ళూ ఆమెకెవరూ చెప్పలేదు.

అసలు ఈ కోరిక ఎక్కడ పుట్టిందో ఆమెకు బాగా తెలుసు. సముద్రం దగ్గర పుట్టింది. రెండేళ్ళకోసారి మొగుడి ఆఫీసువాళ్ళందరూ కుటుంబాలతో అక్కడికి వెళ్తారు. "నువ్వెలాగూ కళ్ళజోడుతో నీళ్ళలోకి రాలేవుగా, ఇవి చూస్తూ కూర్చో" అని చెప్పులు, సంచులు, చేతి గడియారాలు ఆమె చుట్టూ పోగుపోస్తారు. పదేళ్ళ కిందట ఒక్కసారి మొండికేసి, కళ్ళజోడు సంచిలో పెట్టేసి, నడుం లోతు దాకా వెళ్ళింది. అల వచ్చి గిర్రున తిప్పేసింది. లేచి చూస్తే ఒడ్డు ఎటో తెలియలేదు, అటూ ఇటూ రంగు మరకలు. పక్కన ఎర్ర గౌను కనిపిస్తే కూతురే అనుకుని చెయ్యి పట్టుకుని "పద తల్లీ" అంది. ఆ పిల్ల ఎవరి పిల్లో ఏమో, కెవ్వుమంది. దాని తల్లి పరుగెత్తుకొచ్చి పిల్లని లాక్కుంది. ఆ కథ మొగుడు ఇప్పటికీ చుట్టాలు వచ్చినప్పుడల్లా చెప్తాడు, ఆమె నీళ్ళలో చేతులు చాచి తడుముకున్న తీరు కూడా నటించి చూపిస్తాడు. అందరూ పొట్ట చెక్కలయ్యేలా నవ్వుతారు. ఆమె కాఫీ కప్పులు అందిస్తూ నవ్వుతుంది. ఆ నీళ్ళలో తను ఎంత భయపడిందో మాత్రం ఒక్కరూ అడగలేదు.

కంటి డాక్టరమ్మ దగ్గరికి ఒంటరిగానే వెళ్ళింది. ఆవిడ కొలతలన్నీ తీసి, కార్నియా మందం సరిపోతుందని చెప్పి, ఒక చిక్కు విడమరిచింది. నలభై దాటాక ఎవరికైనా దగ్గరి చూపు తగ్గుతుంది. ఈమెకు అది తెలియకపోవడానికి కారణం ఆ మైనస్ నాలుగే. లేజర్‌తో దాన్ని తీసేస్తే దూరం హాయిగా కనిపిస్తుంది, దగ్గరివి చదవడానికి మాత్రం అద్దాలు కావాలి. లేదంటే ఒక కన్ను దూరానికి చేసి, రెండోదాన్ని దగ్గరికి వదిలేయవచ్చు. "మీకు కళ్ళజోడు లేకుండా ఏం కనిపించాలి? దగ్గరివా, దూరంగా ఉన్నవా?" అని అడిగింది డాక్టరమ్మ. ఆమె నోరు తెరిచింది. "ఇంట్లో అడిగి చెప్తానండీ" అన్న మాట దానంతటదే బయటికొచ్చింది. డాక్టరమ్మ నవ్వలేదు. "చూసేది మీరే కదా," అంది. ఆ మాటకి ఆమె చెవులు వేడెక్కాయి. నలభై ఆరేళ్ళొచ్చి, ఉద్యోగం చేసుకుంటూ, తన కంటికేం కావాలో ఇంటికెళ్ళి అడిగి రావాలనుకుంది. సిగ్గనిపించింది, ఆ వెంటనే కోపం వచ్చింది.

డాక్టరమ్మ అన్నది ఇంట్లో చెప్పిందంతే, అడగాల్సిన పని కూడా లేకపోయింది. "ఒక కన్ను దగ్గరికి ఉంచుకో, అంతగా కావాలంటే," అని మొగుడు అప్పటికప్పుడు తేల్చేశాడు, అది తన కన్నే అయినట్టు.

డాక్టరమ్మ ఒక వారం పాటు కంట్లో పెట్టుకునే లెన్సులు ఇచ్చింది. రెండూ దూరానికే. "ముందు ఇలా ఉండి చూడండి. బతకగలరో లేదో తెలుస్తుంది," అంది. ఆమె బతికింది. వీధిలో నడుస్తుంటే పక్కల నుంచి కూడా లోకం కనిపించింది, చట్రం అంచు లేకుండా. వాన వస్తే మొహం మీద పడనిచ్చింది. గిన్నె మీద మూత తీస్తే ఆవిరి వచ్చి లోకాన్ని మూసేయలేదు. ల్యాబ్‌లో రాతపనికి, దగ్గరి చూపు అద్దాలు కొని మెడలో వేలాడదీసుకుంది. మొదటిరోజు సాయంత్రం హడావిడిలో వాటిని బల్ల మీదే మరిచిపోయి ఇంటికొచ్చింది. రెండోరోజు మరిచిపోలేదు. చూసి, అక్కడే వదిలేసి వచ్చింది.

ఇంట్లో గందరగోళం మొదలైంది. అత్తగారు మందుల అట్ట అందించి "ఇది పొద్దుటిదా, రాత్రిదా చూడు" అంది. "నాకు కనిపించడం లేదత్తయ్యా," అంది ఆమె. నలభై ఆరేళ్ళలో ఆ మాట ఇంత హాయిగా ఎప్పుడూ అనలేదు. "వేళాకోళమా?" అంది అత్తగారు. కాదని తెలిశాక ఇంటిల్లిపాదీ ఆమె వైపు చూసిన చూపు, నడుస్తున్న ఫ్రిజ్ ఆగిపోతే చూసే చూపే. కూతురు కనుబొమ్మలు సరిచేయమని మొహం పట్టుకొచ్చి, తల్లి చేతిలో చిన్న పట్టకారు తన కంటి దాకా రావడం చూసి, "వద్దులే, నేనే చేసుకుంటా," అని అద్దం ముందుకి పారిపోయింది. అరగంటలో చేసుకుని వచ్చింది, అంతకంటే బాగా.

మూడోరోజు మొగుడు ఏదో కాగితం తెచ్చి "ఇది చదువు" అని చాపి, గుర్తొచ్చి నాలుక కరుచుకున్నాడు. కాసేపు అటూ ఇటూ తిరిగి, జేబులోంచి నల్ల పెట్టె తీసి, దగ్గరి చూపు అద్దాలు పెట్టుకుని చదువుకున్నాడు. ఆమె నిలబడిపోయింది.

"ఇవెప్పటివి?"

"ఐదేళ్ళవుతోంది. ఆఫీసు సొరుగులో ఉంటాయి, ఇవాళ జేబులో వేసుకొచ్చాను."

"ఇన్నాళ్ళూ ఇంటికి తేలేదేం?"

"ఇంట్లో నువ్వున్నావుగా," అన్నాడాయన. వెటకారం లేదు, అబద్ధం లేదు. ఆ నిజాయితీకే ఆమెకు ఎక్కువ మంట పుట్టింది.

ఆ వారంలోనే మళ్ళీ చేప వండిన రోజు ఆమెకు ల్యాబ్ సెలవు, మొగుడు ఆఫీసులో, కూతురు కాలేజీలో ఉన్నారు. పళ్ళెం ముందు ఇద్దరే. అత్తగారు చేపముక్క వంక, కోడలి వంక చూసి, లేచి తన గదిలోకి వెళ్ళింది. బీరువాలో మడతల మధ్య నుంచి ఒక కళ్ళజోడు తెచ్చుకుని కూర్చుంది. నాలుగేళ్ళ కిందట శుక్లాల ఆపరేషన్ అయ్యాక ఇచ్చినది. అప్పుడు ఈమే సెలవు పెట్టి, పూటపూటకీ కళ్ళలో చుక్కలు వేసింది. ఈ వయసులో ఎందుకని అప్పుడు ఎవరూ అనలేదు. అత్తగారి వేళ్ళు చకచకా ముళ్ళు ఏరుతుంటే, ఆ నేర్పు చూసి కోడలు నోరెళ్ళబెట్టింది.

"మీకు కనిపిస్తుందా అత్తయ్యా?"

"కనిపించకేం? మీ మామగారికి, ఐదుగురు మరుదులకి, నా పిల్లలకి నువ్వొచ్చేదాకా ముప్పై ఏళ్ళు నేనే తీశాను. శుక్లాలొచ్చాయని డాక్టర్ చెప్పిన రోజు నాకెంత సంతోషం వేసిందో తెలుసా? ఇక ఆ ముళ్ళ పని మళ్ళీ నా చేతికి రాదనుకున్నాను. ఆపరేషన్ అయ్యాక మళ్ళీ కనిపిస్తోందని ఎవరితోనైనా అంటానా? నాకేమైనా పిచ్చా?"

ఆమెకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ముందు నవ్వొచ్చింది, తర్వాత ఏడుపొచ్చింది. ముసలావిడ ముళ్ళు తీసిన ముక్కలో సగం విరిచి కోడలి పళ్ళెంలో పెట్టింది. "చేయించుకో అని మాత్రం నేననను. అన్నానంటే నా పని నా నెత్తినే పడుతుంది. ఆ పైన నీ ఇష్టం," అంది. ఆ ఇంట్లో ఆమెతో 'నీ ఇష్టం' అన్న మొదటి మనిషి ఆవిడే. ముక్క వేడిగా ఉంది. ఒక్క ముల్లు కూడా తగల్లేదు.

అంటే భయం లేదని కాదు. ఆమె బతుకంతా ఆ రెండు కళ్ళ మీదే ఉంది. ఏదైనా తేడా వస్తే ల్యాబ్ బల్ల ముందు ఇంకెవరో కూర్చుంటారు, పెద్ద డాక్టరుగారు రెండురోజులు జాలిపడి మూడోరోజు మరిచిపోతారు. లెన్సులు తీసేసి తుది కొలతల కోసం ఆగిన ఆ రెండు వారాలూ ఆమె మనసు లోలకంలా ఊగింది. వద్దులే అని ఎన్నిసార్లు అనుకుందో. కానీ అలా అనుకున్న ప్రతిసారీ, వద్దనేది తన భయమా, తన మొగుడా అని వెతుక్కునేది. భయమైతే దానితో మాట్లాడవచ్చు. డాక్టరమ్మని అడగవచ్చు, ఒకటికి రెండుసార్లు. మిగతా గొంతులే ఎక్కువ వినిపించేవి.

చివరి రోజు మొగుడు కూడా వచ్చాడు, "నీకు సరిగ్గా చెప్పడం రాదు, నేను మాట్లాడతాను" అని. డాక్టరమ్మ అంగీకార పత్రం ఇచ్చింది. ఆమె కళ్ళజోడు తీసి, కాగితం మొహం దగ్గర పెట్టుకుని, మొదటి అక్షరం నుంచి చదవడం మొదలుపెట్టింది. కళ్ళు పొడిబారవచ్చు, రాత్రిపూట దీపాల చుట్టూ వలయాలు కనిపించవచ్చు, కొందరికి మళ్ళీ సరిచేయాల్సి రావచ్చు. ఒక్కో వాక్యం దగ్గర ఆగి అడిగింది, జవాబు విని ముందుకెళ్ళింది. మొగుడు రెండుసార్లు గడియారం చూసుకున్నాడు. "సంతకం పెట్టెయ్యరాదూ, వాళ్ళంతా చూసుకుంటారు," అన్నాడు. ఆమె చివరి పేజీ దాకా చదివింది. వలయాల సంగతి మాత్రం రెండుసార్లు చదివింది.

"ఒక కన్ను దగ్గరికి వదిలేయండి డాక్టరుగారూ," అన్నాడు మొగుడు. "ఇల్లన్నాక సవాలక్ష పనులుంటాయి."

డాక్టరమ్మ ఆయన వైపు చూడలేదు. "మీరు చెప్పండమ్మా," అంది.

"రెండూ దూరానికే చేయండి," అని ఆమె సంతకం పెట్టింది.

"మరి ఇంట్లో దగ్గరి పనులెవరు చూస్తారు?" అన్నాడు మొగుడు, గొంతు తగ్గించి.

ఆమె కలం మూత పెట్టి డాక్టరమ్మకి తిరిగిచ్చింది. అప్పుడు మొగుడి వైపు తిరిగింది.

"నావి కాక ఇంట్లో ఇంకా ఆరు కళ్ళున్నాయి. ఒక్కదానికీ ఏ లోపమూ లేదు. వారం రోజులు పరీక్ష చేసే చెప్తున్నాను, ఈ రిపోర్టు కింద సంతకం కూడా నాదే."