సోమవారాలు ఆరిపోయే లైట్లు

మా కారు మీటరు లైట్లు సోమవారం తప్ప మిగతా ఆరు రోజులూ వెలిగేవి. ఈ మాట చెబితే మొదట్లో మా ఇంటావిడ కూడా నమ్మలేదు.

కారు సెకండ్ హ్యాండ్‌ది. మా అమ్మ అప్పయమ్మ కోసమే ఆరు నెలల కిందట కొన్నాను. ఆమెకు డెబ్బై ఆరేళ్లు. మోకాళ్లు అరిగిపోయి మెట్లెక్కలేదు, మోటారు సైకిలు వెనక కూర్చోలేదు. నర్సీపట్నంలో మా ఇంటికీ బలిఘట్టం శివాలయానికీ పెద్ద దూరం లేదు గాని, ఆమె అక్కడికి వెళ్లి అప్పటికి మూడేళ్లయింది. కారు వచ్చాక ప్రతి సోమవారం సాయంత్రం తీసుకెళ్తున్నాను. గుడి బయట ఖాళీ స్థలంలో కారు ఆపుతాను. అమ్మ ముందు సీట్లోంచి దిగదు. డ్యాష్‌బోర్డు మధ్యలో, జారిపోకుండా ఒక రబ్బరు ముక్క మీద, బొటనవేలంత ఇత్తడి శివలింగం ఉంది. నేను లోపలికి వెళ్లి దర్శనం చేసుకుని తీర్థప్రసాదాలు తెచ్చేలోగా ఆమె ఆ లింగానికి ఉద్ధరిణితో పదకొండుసార్లు నీళ్లు పోసి, మారేడు దళం పెట్టి, తన పూజ తాను ముగించుకుంటుంది. మంగళవారం మొదలు ఆమె ఎదురుచూసేది ఆ అరగంట కోసమే.

ఆ అరగంటే ఇప్పుడు ఆగిపోయేలా ఉంది.

గుడి దగ్గర బయలుదేరేటప్పటికి మసక చీకటి. లైట్లు వేస్తాను. కాసేపు వెలుగుతాయి. ఇంటికి సగం దారిలో మీటరు బోర్డంతా నల్లగా అయిపోతుంది. ఎంత స్పీడులో వెళ్తున్నామో కనపడదు. అది కాదు అసలు భయం. మీటరు లైట్లతో పాటు వెనక ఎర్ర లైట్లు కూడా ఆరిపోతాయి. ముందు లైట్లు వెలుగుతూనే ఉంటాయి కాబట్టి లోపల కూర్చున్నవాడికి ఆ సంగతి తెలియదు. పోయిన సోమవారం చెరకు ట్రాక్టరు ఒకటి మా వెనకే వచ్చి, జానెడు దూరంలో బ్రేకు కొట్టింది. డ్రైవరు దిగి నన్ను తిట్టిన తిట్లు అమ్మ కూడా వింది.

ఆ రోజు మా ఆవిడ వెంకటదుర్గ వెనక సీట్లో ఉంది. ఇంటికి రాగానే చెప్పేసింది.

"ఇంకొక్క సోమారం సూత్తాను. బాగైందా సరే. నేదా, సీకటడ్డాక ఈ కారు గుమ్మం దాటదు. అత్తమ్మకి సెప్పేయండి."

"నువ్వే సెప్పు."

"నానెందుకు సెప్తాను? కొడుకు మీరు."

అమ్మ పక్కగదిలోనే ఉంది.

ఆరిపోయినప్పుడల్లా చూస్తే ఫ్యూజు పోయి ఉండేది. దాన్ని మార్చడం నాకు వచ్చు. ఎవరో నేర్పారు. మంగళవారం ఉదయం మారుస్తాను, అన్నీ వెలుగుతాయి. బుధ, గురు, శుక్ర, శని, ఏ రోజు సాయంత్రం వేసి చూసినా చక్కగా ఉంటాయి. సోమవారం మళ్లీ పోతాయి. నాలుగు వారాలు ఇదే వరస. పక్కింటివాళ్లు దిష్టి అన్నారు. నిమ్మకాయ, మిరపకాయలు కట్టాం. అవి ఎండిపోయాయి గాని ఫ్యూజు ఆగలేదు.

నాకు మాత్రం మనసులో వేరే భయం పట్టుకుంది. సోమవారం ఈశ్వరుడి రోజు. ఆ రోజే ఎందుకు ఆరిపోతున్నాయి? నేనేమైనా తప్పు చేశానా? సోమవారాలు ఒంటిపూట ఉంటానని కార్తీకంలో మొక్కుకుని, రావికమతంలో చెరకు తోటకు వెళ్లినప్పుడు రెండుసార్లు బజ్జీలు తిన్నమాట నిజం. ఆ సంగతి ఎవరికీ తెలియదు. ఒక రాత్రి ఉండబట్టలేక వెంకటదుర్గతో చెప్పేశాను.

ఆమె నవ్వు ఆపుకోలేకపోయింది. "మీరు బజ్జీలు తింటే అంత దేవుడు వొచ్చి మన ఫ్యూజు పీకుతాడేటండీ? ఆయనకి ఇంకో పని నేదేటి?"

ఆలోచిస్తే నిజమే అనిపించింది. కోపం నా మీద ఉంటే నా మీదే చూపించవచ్చు కదా. వెనక వచ్చే ట్రాక్టరువాడు ఏం పాపం చేశాడు? కానీ ఇలా ప్రశ్నించడం కూడా తప్పేమోనని లెంపలేసుకున్నాను.

చింతపల్లి రోడ్డులో మత్స్యరాజు అని ఒక ఆటో ఎలక్ట్రీషియన్ ఉన్నాడు. ఏజెన్సీ కుర్రాడు, కొండ మీద నుంచి వచ్చి ఇక్కడ షాపు పెట్టి పదేళ్లయింది. తొందరపడడు. మనం చెప్పింది మధ్యలో ఆపకుండా వింటాడు. అతను నా కథంతా విని బుర్ర గోక్కున్నాడు.

"బాబాయ్ గారూ, వైరుకి వారం తెలీదండి. సోమారం నాడు మీరేదో సేత్తన్నారు, మిగతా రోజులు సెయ్యట్లేదు. అదేటో కనుక్కోవాల."

"నేనేమీ చెయ్యను. కారు నడుపుతాను, అంతే."

"అయితే సోమారం పొద్దున్నే రండి. సోమారం కారులో ఎవరెవరు కూసుంటారో అందరూ రండి. ఆ రోజు ఏటేటి సేత్తారో అన్నీ ఇక్కడే సెయ్యండి. నాను సూత్తాను."

సోమవారం పది గంటలకు ముగ్గురం వెళ్లాం. అమ్మ పూజ బుట్టతో సహా వచ్చింది. పట్టుచీర కట్టుకుంది. షాపుకి పట్టుచీర ఎందుకమ్మా అంటే, సోమవారం చేసేవన్నీ చెయ్యమన్నాడు కదా అంది.

మత్స్యరాజు కారుని షాపు ముందు ఆపించి లైట్లు వెయ్యమన్నాడు. పట్టపగలు ఎండలో మీటరు లైట్లు వెలుగుతున్నాయో లేదో ఎవరికి కనపడుతుంది? అందుకని లోపల్నుంచి ఒక నల్ల దుప్పటి తెచ్చాడు. నేను స్టీరింగు ముందు, అమ్మ నా పక్కన, వెంకటదుర్గ వెనక సీట్లోంచి మెడ సాచి, మత్స్యరాజు కిటికీలోంచి తల దూర్చి. నలుగురి తలల మీదా దుప్పటి కప్పాడు. చీకట్లో మీటరు పచ్చగా మెరిసింది.

"అబ్బ, ఎంత బాగుందో!" అంది అమ్మ. ఆమె మీటరుని అంత దగ్గరగా ఎప్పుడూ చూడలేదు.

"మామ్మగారూ, కదలకండి, దుప్పటి జారిపోతాది."

"నానెక్కడ కదిలాను? నీ సెయ్యే నా కొప్పులో ఉంది, తియ్యి."

రోడ్డు మీద పోయేవాళ్లు ఆగి చూస్తున్నారని దుప్పటి లోపలున్న మాకు తెలియదు. ఎవరో "ఏటయ్యిందర్రా, ఆవిరి పడుతున్నారేటి?" అని అడగడం వినిపించింది.

దుప్పటి తీసి మత్స్యరాజు సీట్లు కదిపాడు. తలుపులు నాలుగూ గట్టిగా వేసి తీశాడు. బ్రేకు తొక్కమన్నాడు, హారను కొట్టమన్నాడు. నన్ను ఊళ్లోకి ఒక చుట్టు తిప్పి తెమ్మన్నాడు. దుప్పటి మళ్లీ కప్పితే మీటరు అలాగే వెలుగుతోంది. చివరికి అతని చూపు డ్యాష్‌బోర్డు మీది శివలింగం మీద పడింది. పక్కనే అమ్మ ఒళ్లో రాగి చెంబు.

"మామ్మగారూ," అన్నాడు నెమ్మదిగా, "నీళ్లు పోత్తారేటండి?"

అమ్మ గొంతు చిన్నదైపోయింది. "పదకొండు ఉద్ధరిణిలు. అంతే నాయనా."

ఆ మాట నాకు ఎప్పుడూ తట్టకపోవడమేమిటి? తట్టలేదో, తట్టనివ్వలేదో. నీళ్లే కారణమని తేలితే ఆమె పూజ ఆగిపోతుంది. కారులో వెళ్లి ఊరికే కూర్చుని రావడానికి ఆమె ఒప్పుకోదు.

"పోసి సూపించండి," అన్నాడు మత్స్యరాజు.

అమ్మ లింగాన్ని రబ్బరు ముక్క మీద కొంచెం తిప్పి సర్దింది. పానవట్టానికి నీళ్లు జారే ముక్కు ఉంటుంది కదా, అది ఆమె వైపుకి వచ్చింది. దాని కింద చిన్న స్టీలు గిన్నె పట్టుకుని, నమశ్శివాయ అంటూ పదకొండుసార్లు పోసింది. ఒక్క చుక్క బయట పడలేదు. నీళ్లన్నీ గిన్నెలోకి వచ్చాయి. దుప్పటి కప్పుకుని కాలు గంట కూర్చున్నాం. చెమటలు కారిపోయాయి. మీటరు నిండుగా వెలుగుతోంది.

"నీళ్లు కాదండి!" అన్నాడు మత్స్యరాజు దుప్పటి లాగేస్తూ. "మామ్మగారి తప్పు ఏటీ నేదు. నాను వైరింగంతా ఇప్పి సూడాల."

నాకు ప్రాణం లేచి వచ్చింది. "విన్నావా అమ్మా?" అన్నాను.

అమ్మ గిన్నెలో నీళ్ల వంక చూస్తూ కూర్చుంది. తర్వాత తల ఎత్తింది.

"బాబూ, ఆగు. గుడికాడ ఇలా పొయ్యను."

"మరెలా పోత్తారండి?"

"పానవట్టం ముక్కు ఉత్తరానికి ఉండాల కదా. ఇక్కడ ఉత్తరం నా పక్కనుంది. బలిఘట్టంలో మావోడు కారు పడమటి ముకంగా పెడతాడు. అక్కడ ఉత్తరం అటుంది." ఆమె వేలు స్టీరింగు వైపు, దాని ముందున్న మీటరు వైపు చూపించింది. "అంత దూరం గిన్నె పెట్టడానికి నా సెయ్యి అందదు. గుడ్డ మడతెట్టి కింద పెడతాను. గుడ్డ పీల్సీసుకుంటాదిలే అనుకున్నాను."

ఆమె చెప్పకపోతే ఎవరికీ తెలిసేది కాదు. నేనూ వెంకటదుర్గా దర్శనానికి వెళ్లినప్పుడు జరిగేది కాబట్టి మేం ఎప్పుడూ చూడలేదు. చెబితే ఏం పోతుందో ఆమెకు తెలుసు. తెలిసే చెప్పింది.

మత్స్యరాజు లింగాన్ని అటు తిప్పించి, గుడ్డ పెట్టించి మళ్లీ పోయించాడు. దుప్పటి కప్పుకున్నాం. పన్నెండో నిమిషంలో పచ్చ వెలుగు ఒకసారి వణికింది. ఇంకోసారి వణికింది. తర్వాత చీకటి.

"పోనాది!" అని అరిచాడు మత్స్యరాజు. అతని గొంతులో ఎంత సంతోషమో. నాలుగు వారాలుగా నన్ను ఏడిపించిన చీకటిని చూసి అతను చప్పట్లు కొట్టాడు.

మీటరు చుట్టూ ఉన్న ప్లాస్టిక్ తొడుగు విప్పితే సంగతంతా బయటపడింది. తడిసిన గుడ్డలోంచి నీళ్లు తొడుగు సందులోంచి దిగి, మీటరు వెనక వైర్లు కలిసే కనెక్టరు మీద చుక్కచుక్కగా పడుతున్నాయి. ఆరు నెలలుగా తడిసి తడిసి దాని ఇత్తడి పళ్లు పచ్చగా చిలుము పట్టాయి, ఈ నాలుగు వారాల్లో అది ముదిరింది. పక్కన ఎండిపోయిన మారేడు ఆకు ఒకటి ఇరుక్కుని ఉంది. మీటరు లైట్లకూ వెనక ఎర్ర లైట్లకూ ఒకటే ఫ్యూజు కాబట్టి, ఇక్కడ తడి తగిలితే అక్కడ రెండూ పోతాయని చెప్పాడు. తెల్లారేసరికి తడి ఆరిపోతుంది, కొత్త ఫ్యూజు వేస్తే మళ్లీ సోమవారం దాకా ఢోకా ఉండదు.

మత్స్యరాజు కనెక్టరు, ఫ్యూజు మార్చి, ఆరబెట్టి, టేపు చుడుతున్నంతసేపూ అమ్మ షాపు బల్ల మీద కూర్చుని ఉంది. చెంబు మూత బిగించేసింది.

"ఇంక పొయ్యనులే ధర్మా," అంది నా వైపు తిరిగి. "ట్రాక్టరు గుద్దేస్తే ఎవరికి పున్యం? ఇంటికాడ దండం పెట్టుకుంటాను."

ఆమె ఏడవలేదు. అందుకే నాకు ఇంకా కష్టమనిపించింది. నిమ్మకాయలు కట్టినప్పుడూ, లెంపలేసుకున్నప్పుడూ నాకు సమాధానం దొరకలేదు. ఇప్పుడు దొరికింది, కానీ దాన్ని పట్టుకుని ఏం చేసుకోను? శాస్త్ర ప్రకారం ముక్కు ఉత్తరానికే ఉండాలి. కారు ప్రకారం అటు ఉండకూడదు. ఇందులో ఎవరిది తప్పు?

వెంకటదుర్గ రెండు చేతులూ నడుము మీద పెట్టుకుని నా ఎదురుగా నిలబడింది.

"ఏటండీ, కారుకి సక్రాలున్నాయి కదా?"

"ఉన్నాయి."

"అయితే దాన్ని తూరుపు ముకంగా పెట్టలేరేటి? ఇక్కడ పెట్టినట్టే అక్కడ పెట్టండి. ఉత్తరం అత్తమ్మ పక్కకి వొచ్చీయదా?"

మత్స్యరాజు చేతిలో టేపు ఆగిపోయింది. ఆరు నెలలుగా నేను పడమటి ముఖంగా పెడుతున్నది ఏ శాస్త్రం కోసమూ కాదు. బయటికి తియ్యడం సులువని.

"పిన్నిగారూ, ఈ షాపులో మీరు కూసోండి, నాను ఇంటికి పోతాను," అన్నాడు మత్స్యరాజు. తర్వాత అమ్మ వైపు తిరిగి వేలు చూపించాడు. "గుడ్డ వొద్దండి. పెద్ద గిన్నె పెట్టండి. నీళ్లు కూడా తగ్గించండి. అయిదు సాలవా?"

"పదకొండు తగ్గవు," అంది అమ్మ. ఆమె చెంబు మూత తీసి చూసుకుంటోంది. "ఉద్ధరిణి సిన్నది తెత్తాను, కావాలంటే."

"ఇంకో మాట బాబాయ్ గారూ. పోసాక కాలు గంట ఆగి, లైట్లు సూసుకుని బయల్దేరండి."

ఆ సాయంత్రం బలిఘట్టంలో నేను కారుని మూడుసార్లు ముందుకీ వెనక్కీ తీసి తూర్పు ముఖంగా పెట్టాను. కొబ్బరికాయలమ్మే ఆవిడ తన బుట్ట రెండుసార్లు జరుపుకుని, మూడోసారి నన్ను ఏమో అంది. ఎండ మా వెనక్కి వెళ్లింది.

ఎప్పటిలాగే తలుపు తీసి గుళ్లోకి వెళ్లబోయాను. డ్యాష్‌బోర్డు ఏటవాలుగా ఉంది, పెద్ద గిన్నె నిలబడటం లేదు. అమ్మకు ఒక చేత్తో పట్టుకోవడం బరువు. నేను మళ్లీ కూర్చుని, వంగి, గిన్నె పట్టుకున్నాను. లోపల దర్శనం మానుకుని బయట గిన్నె పట్టుకుంటే దేవుడు ఎలా లెక్కవేస్తాడో నాకు తెలియదు. ఆరు నెలలుగా ఆమె ఈ పూజ ఎలా చేస్తుందో మాత్రం ఆ రోజే చూశాను. షాపులో ఉత్త నమశ్శివాయే గాని, ఇక్కడ ప్రతి ఉద్ధరిణికీ ఒక పేరు చెబుతోంది. మా చెల్లెలి పేరు, నా పేరు, వెంకటదుర్గ పేరు. ఎనిమిదోది మత్స్యరాజు. తొమ్మిదోది, పేరు తెలియక, "ఆ ట్రాక్టరు బాబు" అంది.

"గిన్నె వొంకర పట్టకు," అంది మధ్యలో.

పోయడం అయ్యాక లైట్లు వేశాను. వెంకటదుర్గ దిగి కారు వెనక నిలబడింది. చెప్పినట్టే కాలు గంట కూర్చున్నాం. గుళ్లో గంట మోగింది. చీకటి పడేకొద్దీ మీటరు పచ్చ వెలుగు అమ్మ ముఖం మీదికి వచ్చింది.

"ఎలుగుతున్నాయా?" అని వెనక్కి అరిచాను.

"రెండూ ఎలుగుతున్నాయి!" అని వెంకటదుర్గ మాకు వినపడేలా కారు డిక్కీ మీద దబదబా కొట్టింది.

అమ్మ చెంబు ఊపి చూసింది. ఇంకా నీళ్లున్నాయి.

"అయితే ఇంకో పదకొండు పొయ్యనా?"

నేను గిన్నెలో నీళ్లు పక్కనున్న మందార మొక్క మొదట్లో పోసి, తెచ్చి మళ్లీ పట్టుకున్నాను.