పగడాలకు చలవ

కోడలు పనిచేసేది సముద్రజీవుల ప్రయోగశాలలో. ఏటికేడు సముద్రం వేడెక్కి, పగడపు దిబ్బలు పాలిపోయి చచ్చిపోతున్నాయి. వాటినే నమ్ముకున్న చేపలూ పీతలూ గూడు చెదిరి పోతున్నాయి. అందుకే ఆమె బతికున్న పగడపు కొమ్మలు నలభై తెచ్చి గాజు తొట్టెలో పెంచుతోంది. అత్తగారికి మాత్రం అవి ఉత్త రాళ్ళు. రాళ్ళకి మేత పెట్టే ఉద్యోగమమ్మా మా కోడలిది అని ఇరుగుపొరుగుతో చెప్పి నవ్వేది. అలాగని కోడలు ఇంటికొచ్చేదాకా తను ముద్ద ముట్టేది కాదు.

ఆ ఎండాకాలం ఓ మధ్యాహ్నం తొట్టె నీళ్ళు చల్లబరిచే యంత్రం ఆగిపోయింది. మెకానిక్ సాయంత్రానికి గానీ రాలేనన్నాడు. నీళ్ళేమో గంట గంటకీ వేడెక్కుతున్నాయి. ప్రయోగశాలలో ఉన్న కాస్త ఐసూ అయిపోయాక కోడలికి ఏం చేయాలో తోచలేదు. ఆలస్యమవుతుందని చెబుదామని ఇంటికి ఫోన్ చేసి, మధ్యలోనే ఏడ్చేసింది.

విషయమేమిటో కనుక్కుని అత్తగారు ఫోన్ పెట్టేసింది. గంట తిరక్కుండా టాక్సీ దిగింది. వీధిలో ఫ్రిజ్ ఉన్న ప్రతి ఇల్లూ ఎక్కి దిగి, రెండు సంచుల నిండా ఐసు పోగేసుకొచ్చింది. నేరుగా వేస్తే ఉప్పునీరు పలచబడుతుందని కోడలు అంటే, ముక్కల్ని సీసాల్లోకి ఎత్తి, మూతలు బిగించి, తొట్టె మీదకి వంగి ఒక్కొక్కటే అందించింది.

అలా వంగినప్పుడే ఓ కొమ్మ మీద వెంట్రుకల్లాంటి చేతులు కదలడం ఆవిడ కంటపడింది.

"ఇదేమిటే, కదులుతోంది?"

"ప్రాణమున్నవే అత్తయ్యా. ఆ బుడిపెల్లో ఒక్కొక్కటీ ఒక్కో జీవి."

"ఈ ముక్క ముందే చెప్పి ఏడవచ్చుగా."

"పెళ్ళైన వారానికే చెప్పాను. మీరు నిద్రపోయారు."

ఇద్దరికీ నవ్వాగలేదు.

సాయంత్రం మెకానిక్ వచ్చి యంత్రం బాగుచేశాడు. అప్పటికే పదకొండు కొమ్మలు సున్నంలా తెల్లబడ్డాయి. కోడలు వాటి ముందే కూర్చుండిపోతే, అత్తగారు పక్కనే నేలమీద చతికిలబడింది.

చలికాలం వచ్చాక మిగిలిన ఇరవైతొమ్మిదింటినీ సముద్రంలో నాటడానికి పడవలో బయలుదేరారు. వద్దన్నా వినకుండా అత్తగారూ ఎక్కింది. దారి పొడవునా వాంతులు చేసుకుంది. కోడలు నీళ్ళలో మునిగి, కొమ్మలన్నీ రాతికి అతికించి పైకొచ్చేసరికి అత్తగారు తువ్వాలు పట్టుకుని సిద్ధంగా ఉంది.

"మళ్ళీ వేసవిలో సముద్రం కాగిపోతే?" అని అడిగింది, తల తుడుస్తూ.

"ఏమవుతాయో నాకూ తెలీదు అత్తయ్యా."

"సరే, రేపట్నుంచి ఇంకో నలభై పెంచు. ముందు కదలకుండా కూర్చో, జలుబు చేస్తుంది."