యాదయ్య జీపు సెట్టు

ప్రమీలమ్మ పొద్దున తొమ్మిదింటికి షట్టర్ లేపుతది. వాకిట్ల నీళ్లు చల్లుతది, ఛాయ్ తాగుతది, పాత స్పీకర్ల నుంచి పీకిన అయస్కాంతం ఒకటి బల్ల మీద పెట్టుకుంటది. విప్పిన స్క్రూలన్నీ విప్పిన వరుసల దానికే అంటిస్తది. ముప్పై ఏండ్ల సంది ఒక్క స్క్రూ పోలేదు. భువనగిరిల కార్లకు పాటల సెట్లు బిగించే దుకాణాలు ఇంకా ఉన్నయి. వాటికి అద్దాలున్నయి, ఏసీలున్నయి. పనితనం మాత్రం ఈ రేకుల షెడ్డుల ఉన్నది. నా మాట నమ్మకుంటె మోత్కూరు దాక ఎవరినన్న అడుగుండ్రి.

ఆ సోమవారం యాదయ్య కొత్తగ కొన్న పాత కారు తెచ్చి షెడ్డు ముంగట ఆపిండు. వెనక సీట్ల బిడ్డ నిరోష, డిక్కిల ఆమె బట్టల పెట్టె. యాదయ్య చేతుల తువ్వాలల చుట్టిన సెట్టు.

"చెల్లె, సెట్టు నాదే తెచ్చుకున్న. రెండు దుకాణాలోళ్లు మా దగ్గర కొంటెనే బిగిస్తం అన్నరు."

"సెట్టు నీదైతె ఏమాయె అన్నా, పని నాది గద! బిగించిన కూలియ్యి, సాలు. ఏమన్న సతాయిస్తదా?"

"సతాయించది. బండిల ఎవరికన్న గొంతుల మాట ఆగిందనుకో, సౌండు దానంతటదే తగ్గుతది. చెప్పేస్తె మళ్ల పెరుగుతది."

"మంచిదే," అన్నది ప్రమీలమ్మ. "జల్దేమన్న ఉన్నదా?"

"పొద్దుమూకకముందు హైదరాబాద్ పోవాలె. బిడ్డకు కొలువొచ్చింది. పెద్ద మాల్‌ల బిల్లు కౌంటరు. ఏసీల కూసునుడే!"

పన్నెండేండ్లు ఆ సెట్టు యాదయ్య జీపుల మోత్కూరుకు, భువనగిరికి తిరిగింది. పాట తగ్గితె ప్యాసింజర్లే ఒకరి మొఖం ఒకరు చూసుకునేటోళ్లు. "ఎవరయ్యా, చెప్పుండ్రి జల్ది, పాట ఆగింది" అని గునిగేటోళ్లు. కోడిని ఎత్తుకపోయినోడు ఊరు దాటకముందే ఒప్పుకున్నడు. కోడలి మీద అలిగిన అత్త సగం తొవ్వల కలిసిపోయింది. జీపు తుక్కుకు పోయినంక కూడ యాదయ్య సెట్టును మాత్రం ఇడువలే.

ఇగ నిరోష సంగతి. ఆమెకు ఆ కొలువు వద్దు. వద్దంటె వద్దు. చిన్నప్పుడు బాపు జీపు బాగుచేసుకుంటుంటె టార్చి పట్టుకున్న పిల్ల, ఇప్పుడు వాడకట్టుల మిక్సీలు, ఇస్త్రీ పెట్టెలు చడీచప్పుడు లేకుంట బాగుచేస్తది. వైర్ల పని నేర్చుకోవాలని ఆమె పాణం కొట్టుకుంటది. కాని కొలువు సంగతి బాపు ఊరంత చెప్పుకున్నడు. ఆ మురిసిన మొఖం చూసి ఎట్ల చెప్తది? నెల దినాల సంది మాట గొంతులనే ఉన్నది. సెట్టుకు కరెంటు తాకిందా, ఇగ దాచుడు అయ్యేది కాదు.

వెనక స్పీకర్లు అందాలని ప్రమీలమ్మ డిక్కిలకెళ్లి పెట్టె తీసి బల్ల మీద పెట్టింది. ప్లాస్టిక్ పుల్లతోటి డ్యాష్‌బోర్డు ఊడదీసింది, గీత పడలే. కారు వైరు ఒక్కటి కూడ కొయ్యలే. గోడ గడియారం సెల్లు తీసుకొని ఒక్కొక్క స్పీకరుకు తాకిచ్చింది. టప్. ఇంకోదానికి. టప్. తాకిచ్చినప్పుడల్ల కండ్లు మూసుకొని ఇన్నది. అబ్బ, ఏం చెయ్యి! పసిపిల్లకు తల దువ్వినట్టు వైర్లను దువ్వి, జంటలు జంటలుగ టేపు చుడుతాంది. చూసుకుంట చూసుకుంట నిరోష భయం మర్శిపోయింది.

"అత్తమ్మా, సెల్లు తాకంగనె ముందటి స్పీకరు బయటికి ఉబ్బింది. ఇది లోపలికి పోయిందేంది?"

ప్రమీలమ్మ తలెత్తి చూసింది. "కన్నున్నదే నీకు! ఎవడో ప్లస్సు మైనస్సు తారుమారు కలిపిండు. ఒకటి ముందుకు తోస్తె ఒకటి ఎనుకకు గుంజుతది. ఇగ పాటల బలమేడుంటది?"

నిరోషకు ఏడుపచ్చినంత పనైంది. ఇట్ల ఇప్పిచెప్పేటోళ్లు ఉంటరని ఆమెకు తెల్వది.

ఆ వైర్లు సరిజేసి, సెట్టు బిగించేసరికి రెండు దాటింది. ముగ్గురు కార్ల కూసుని తలుపులేసుకున్నరు. ప్రమీలమ్మ మీట నొక్కింది. పల్లె పాట, డప్పు దెబ్బ నేరుగ రొమ్ముకు తాకింది. "ఓహో!" అన్నడు యాదయ్య. ఆ ఓహో నోట్లె ఉండంగనె సౌండు తగ్గింది.

యాదయ్య గొంతు సవరించుకున్నడు. "నాదే ఉండొచ్చు. బిడ్డా, నీకని మీ అమ్మ పెట్టిన మామిడికాయ తొక్కు సీస పగలగొట్టింది పిల్లి కాదు, నేనే."

సౌండు కొంచెం లేసింది. మళ్ల పడ్డది.

"నాదొకటున్నది," అన్నది ప్రమీలమ్మ. "వెనక ఎడమ స్పీకరు చినిగింది అన్నా. నా దగ్గరున్నది ఏసిన. చెప్తె వద్దంటవని చెప్పలే."

ఇంకొంచెం లేసింది. అంతల మొత్తానికే తగ్గిపోయింది. రోడ్డు మీద ఆటో హారన్ ఇనబడుతాంది.

ఇద్దరు వెనకకు మళ్లి చూసిండ్రు. నిరోష చున్నీ కొస వేలికి చుట్టుకుంటాంది.

"బాపు, నేను పోను," అన్నది. "నాకా కౌంటరు వద్దు. ఈ అత్తమ్మ దగ్గర పని నేర్చుకుంట, ఆమె సరేనంటె. నీ మొఖం చూసి నెల సంది చెప్పలేకపోయిన."

చెప్పేసింది. అయినా సౌండు లేవలే. ఇప్పుడు మాట యాదయ్య దగ్గర ఆగింది. స్టీరింగ్ పట్టుకొని ముంగట గుట్ట దిక్కు చూస్తున్నడు.

"నా చేతుల గ్రీజు నీకు అంటొద్దని అనుకున్న బిడ్డా," అన్నడు. "నీకేది ఇష్టమో అడగనే లేదు. తప్పు నాదే." అని పక్కకు తిరిగి, "చెల్లె, పొద్దుగాల ఎన్నింటికి తెరుస్తవు?"

"తొమ్మిదింటికి."

పాట గుప్పున లేసింది. షెడ్డు రేకులు దడదడలాడినయి. యాదయ్య తువ్వాలతోటి మొఖం తుడుచుకుంట నవ్విండు.

ప్రమీలమ్మ మాత్రం నవ్వలే, చెవి పెట్టి ఇంటాంది. "ఎడమ తలుపు లోపల ఏదో గీకుతాంది. ఇనబడుతాందా బిడ్డా?"

"ఇనబడుతాంది అత్తమ్మా."

"మరింక కూసున్నవేంది? దిగి ఇప్పు."

నిరోష దిగింది. తలుపు అట్టకున్న మొదటి స్క్రూ విప్పి, బల్ల మీద తన పెట్టె పక్కనున్న అయస్కాంతానికి అంటించింది.