ఆకుపచ్చ గీత

శత్రువుకు గొంతు లేదు. ముప్ఫై ఎనిమిది వారాలుగా వాళ్ల ఓడలు భూమి మీదికి దిగుతూనే ఉన్నాయి, నగరాలు కాలుతూనే ఉన్నాయి, టీవీ ముందు పిల్లలు అన్నం గిన్నెలు పట్టుకుని చూస్తూనే ఉన్నారు. ఇన్నాళ్లలో ఆ గ్రహాంతరవాసులు ఒక్కసారీ నోరు విప్పలేదు. చివరి భాగంలో విప్పాలి. మిగిలిన ఒకే ఒక్క ఓడలో మిగిలిన ఒకే ఒక్క ప్రాణి, తన మీద తుపాకీ గురిపెట్టిన పైలట్‌ని చూసి ఒక శబ్దం చేస్తుంది. ఆరు సెకన్లు. వెంటనే పైలట్ "కాలుస్తున్నా!" అని అరిచి కాల్చేస్తాడు. స్క్రిప్టులో నా వంతుగా ఉన్నది బ్రాకెట్లలో ఒక్క మాట: శబ్దం.

నేను, నోనోమురా చిసే, ఇరవై ఏళ్లుగా టీవీ బొమ్మల సీరియళ్లకు ఇలాంటి గొంతులే ఇస్తున్నాను. ఏడ్చే పసిబిడ్డ కావాలన్నా, తరిమే కుక్క కావాలన్నా, కూలుతున్న ఇంట్లోంచి ఎవరో ఒక ఆడమనిషి కేక కావాలన్నా నన్ను పిలుస్తారు. నా గొంతు చాలా నోళ్లలోంచి వచ్చింది. వాటిలో ఒక్కదానికీ పేరు లేదు.

ఆ గురువారం ఉదయం పది గంటలకు రికార్డింగు. కడుపులో కూత మైకుకు వినిపిస్తుందని ఎప్పటిలాగే ఇంట్లో ఒక అన్నం ముద్ద తిని వెళ్లాను. పైలట్‌కి గొంతిచ్చే సెగావా అప్పటికే వచ్చి గోడవారన కూర్చుని బార్లీ టీ తాగుతున్నాడు.

"ఏంటక్కా, ఇవాళ కుక్కా, పిల్లా?"

"నువ్వు చంపాల్సినదాన్ని."

"అయ్యో, ముందే చెప్పుంటే చేతులు కడుక్కుని వచ్చేవాణ్ణి కదా."

బొమ్మలు ఇంకా గీయలేదు. ప్రసారానికి తొమ్మిది రోజులుంది. అది మాకు కొత్తేమీ కాదు. బొమ్మ లేనిచోట ఎడిటరు ఖాళీ ఫిల్ము మీద రంగు పెన్సిళ్లతో గీతలు గీస్తాడు. తెల్లటి తెర మీద ఎర్ర గీత ఉన్నంతసేపూ సెగావా మాట్లాడాలి. ఆకుపచ్చ గీత ఉన్నంతసేపూ నేను. ఈ పనిలో మాకు మొట్టమొదట నేర్పేది అదే. గీత ఉంటే గొంతు ఉండాలి, గీత పోతే గొంతు పోవాలి.

మొదటిసారి ఫిల్ము తిరిగింది. ఆకుపచ్చ గీత కనబడగానే గొంతు లోతుల్లోంచి ఒక గుర్రు తీశాను. సగంలోనే, ఆపమన్నట్టు గదిలో దీపం వెలిగింది. అద్దం వెనక గదిలోంచి శబ్ద దర్శకుడు ఇగరాషి గొంతు వినిపించింది.

"నోనోమురా గారూ, అది మా వీధి కుక్కండీ. పాపం, ముసలిదైపోయింది."

రెండోసారి సన్నగా, తెగుతూ తెగుతూ ఏడ్చాను.

"ఎవరి బిడ్డండీ అది? ముందు పాలు పట్టండి."

సెగావా నోటికి స్క్రిప్టు అడ్డం పెట్టుకుని నవ్వాడు. నేనూ నవ్వాను. నవ్వుతూనే భయపడ్డాను. నేను చేసేవన్నీ ఎక్కడో విన్నవే. ఎవరూ వినని ప్రాణిని నేనెక్కడని వినేది?

ఇగరాషి గొంతు తగ్గించాడు. "ఇంకొక్కసారి చూద్దాం. కుదరకపోతే నా దగ్గర యంత్రం మీద చేసిన శబ్దం ఉంది. అదే వేసేస్తాను. ఏమీ అనుకోకండి."

అనుకోవడానికేముంది? యంత్రం మోగితే, పేలిపోయింది కూడా యంత్రమే అనుకుంటారు చూసేవాళ్లు. చచ్చిపోయినదొక ప్రాణి అని ఎవరికీ తట్టదు. దాన్ని కాపాడమని నన్నెవరూ అడగలేదు. చావకముందు అది బతికుందని తెలియజేయడానికి నాకు మిగిలింది ఆరు సెకన్లు.

మూడోసారి ఫిల్ము తిరిగింది. తెల్లటి తెర మీద ఆకుపచ్చ గీత వచ్చింది. ఈసారి కుక్కనీ పిల్లనీ కలిపి, రెండూ కానట్టుగా ఒక మూలుగు తీశాను. అది కూడా దొంగ సరుకేనని తీస్తుండగానే తెలిసింది. మనసులో లెక్కపెడుతున్నాను. నాలుగు, అయిదు, ఆరు. ఊపిరి అయిపోయింది.

గీత పోలేదు.

తెర మీద అది సన్నగా వణుకుతూ అలాగే ఉంది. నా దగ్గర ఇంకేమీ లేదు. కానీ గీత ఉంది. ఇరవై ఏళ్ల అలవాటు నన్ను ఆగనివ్వలేదు. ఖాళీ అయిన ఛాతీలోకి ఊపిరి లాక్కుంటే ఆ లాక్కోవడంలోనే ఒక శబ్దం వచ్చింది. బయటికి వెళ్లే శబ్దం కాదు. ఎక్కణ్ణుంచో నాలోకి వస్తున్న శబ్దం. దాని వెనకే ఇంకొకటి, దానికన్నా కింది నుంచి. అందులో బాధ లేదు, బెదిరింపు లేదు. చాలా దూరం నుంచి వచ్చిన ఒకరు తలుపు దగ్గర నిలబడి, లోపల ఎవరైనా ఉన్నారో లేదో తెలియక, అయినా పిలుస్తున్నట్టుంది. ఎవరు పిలుస్తున్నారా అని నేను వింటున్నాను. నా పెదవులు కదులుతున్నాయి. నా గొంతు మాత్రం నన్నడగడం లేదు.

ఆకుపచ్చ గీత కింద ఎర్ర గీత వచ్చింది. సెగావా "కాలుస్తున్నా!" అనాలి. అతను మైకు ముందుకొచ్చాడు. నోరు తెరిచాడు. ఎర్ర గీత నడిచి, నడిచి, పోయింది. అతను నోరు తెరిచే ఉన్నాడు.

తర్వాత ఎప్పటికో ఆకుపచ్చ గీత కూడా పోయింది.

దీపం వెలగలేదు. సెగావా నా వైపు చూడకుండా ఒకడుగు పక్కకు జరిగాడు, నా వెనక ఇంకెవరో ఉంటే వాళ్లకు దారి ఇస్తున్నట్టు.

చివరికి స్పీకర్లోంచి ఇగరాషి మాట వినిపించింది. "గీత తప్పండీ. ఎడిటరు ఆరు సెకన్లకి బదులు పద్దెనిమిది గీశాడు. రెండు రోజులుగా నిద్ర లేదట. కళ్లు మూతపడ్డాయి కానీ చెయ్యి ఆగలేదు. ఫిల్ము సరిచేయిస్తాను, మళ్లీ చేద్దాం."

"నాకు మళ్లీ రాదండీ," అన్నాను. వినయంగా చెప్పిన మాట కాదది. నిజంగానే, అది ఏ దారిన వచ్చిందో నాకు తెలియదు.

"సెగావా, నీకేమైంది? గీత కనబడలేదా?"

"కనబడిందండీ." అతని మెడ ఎర్రబడింది. "నోరు రాలేదు. అలా పిలుస్తుంటే ఎలా కాల్చమంటారు?"

అప్పటిదాకా అద్దం వెనక మూల కుర్చీలో కూర్చున్న దర్శకుడు మిజోయె లేచి మా గదిలోకి వచ్చాడు. తొమ్మిది నెలలుగా ఈ యుద్ధాన్ని నడుపుతున్న మనిషి. చెప్పులు కూడా వేసుకోలేదు. సెగావా చేతిలోంచి స్క్రిప్టు తీసుకుని, "కాలుస్తున్నా!" అన్న మాట మీద పెన్సిలు పెట్టి చాలాసేపు ఆగాడు. ఆఖరికి కొట్టేశాడు.

"మిజోయె గారూ, అలా అయితే యుద్ధం ఎలా ముగుస్తుంది?" అని ఇగరాషి స్పీకర్లోంచి అరిచాడు.

"నాకేం తెలుసు? నీలాగే నేనూ ఇప్పుడే విన్నాను." నా వైపు తిరిగాడు. "దాని ముఖం మీకేమైనా కనిపించిందా? నేను గీయాలి."

"లేదండీ. అది నా వైపు తిరగలేదు."

ఆయన తలూపాడు. నేను చెప్పినది పిచ్చి మాటని ఆ గదిలో ఎవరికీ అనిపించలేదు.

తొమ్మిదో రోజు, శనివారం సాయంత్రం, మా ఇంట్లో టీవీ పెట్టుకుని ఒక్కదాన్నే కూర్చున్నాను. మిజోయె ఆ ప్రాణిని గీయలేదు. పద్దెనిమిది సెకన్లూ పైలట్ ముఖమే ఉంది, కదలని ఒకే బొమ్మ. చివరి సెకన్లలో మాత్రం అతని వేలు మీట మీద నుంచి లేచింది. ఆ బొమ్మ మీదుగా పిలుపు వచ్చింది. అందులో నా ఊపిరి ఎక్కడుందోనని వెతికాను. దొరకలేదు. ఎప్పుడు సర్దుకున్నానో గాని, మోకాళ్ల మీద నిటారుగా కూర్చుని, చేతులు ఒళ్లో పెట్టుకుని ఉన్నాను. పెద్దల ముందు కూర్చున్నట్టు.

పాట మొదలై పేర్లు వచ్చాయి. పైలట్ పేరు ఎదుట సెగావా. గ్రహాంతరవాసి అన్న మాట ఎదుట నోనోమురా చిసే. ఆ పేరు పైకి జరిగి తెర అంచు దాటేదాకా చూస్తూ ఉండిపోయాను. ఆమె ఎవరో కనుక్కుని, ఆ పిలుపు ఎక్కడ విన్నావమ్మా అని అడగాలనిపించింది.