పండుగప్ప ఎదిగితే

ఆదివారం పొద్దున గోపీకృష్ణ టెక్కా మార్కెట్ నుంచి పండుగప్ప తెచ్చి సింకులో పడేశాడు. "పెద్దది చూసి తెచ్చా. పులుసు పెట్టు, మా టీమ్ వాళ్ళు లంచ్‌కి వస్తున్నారు" అన్నాడు. ఆ సంగతి చేపకీ నాకూ ఒకేసారి తెలిసింది. పొలుసు గీకుతుంటే ఆరేళ్ళ మహతి ముక్కు మూసుకుని, "అమ్మా, సో స్మెల్లీ లా" అంటూ గదిలోకి పారిపోయింది. వాళ్ళ నాన్న చేతులకి ఏ వాసనా ఉండదు. కీబోర్డు నీచు కొట్టదు కదా.

ఇంత పెద్దదంటే ఇది ఆడదే అయ్యుంటుంది. పండుగప్పలు మొదట మగవిగా ఉండి, బాగా ఎదిగాక ఆడవవుతాయి. ముత్తుకూరు ఫిషరీస్ కాలేజీలో మా మేడమ్ ఈ పాఠం చెప్పిన రోజు మగపిల్లలు బల్లలు బాది నవ్వారు. ఆవిడ నవ్వులు ఆగేదాకా ఆగి, "రాసుకోండి, పరీక్షలో వస్తుంది" అంది. ఇప్పటికీ గుర్తొస్తే నాకు నవ్వొస్తుంది. నవ్విన వెంటనే ఒళ్ళు మండుతుంది కూడా. ఎందుకంటే దేశం కాని దేశంలో, ఈ యీషున్ ఫ్లాట్‌లో నా చదువు ఒక జోకు. వచ్చిన ప్రతివాళ్ళకీ గోపీకృష్ణ, "మా ఆవిడ చేపలు కోయడంలో డిగ్రీ చేసింది" అని పరిచయం చేస్తాడు. అందరూ నవ్వుతారు. వడ్డిస్తూ నేనూ నవ్వుతాను. ఉద్యోగం మాటెత్తితే ఇక్కడే ఉండిపోవడానికి పీఆర్ రానీ అన్నాడు, వచ్చింది. మహతి స్కూల్లో పడనీ అన్నాడు, పడింది. పోయిన వారం నేనే వెళ్ళి, జలసంధి ఒడ్డున పండుగప్ప గుడ్లు పొదిగించే హేచరీలో మాట్లాడొచ్చాను. ఉద్యోగం ఇస్తామన్నారు, ఇష్టమైతే రేపు వచ్చి చేరమన్నారు. ఇంటికొచ్చి ఆ మాట చెప్తే, "మరి మహతిని బస్సెక్కించేదెవరు?" అన్నాడు గోపీకృష్ణ, పేపరు మడవకుండానే.

పొలుసు సగం గీకేసరికి ఫోన్ మోగింది. అతను స్పీకర్ నొక్కాడు. భీమవరం నుంచి వాళ్ళక్క, నాగమల్లేశ్వరి వదిన.

"గీతాంజలికి ఫిషరీస్ సీటొచ్చిందిరా తమ్ముడూ. అదే చదూతానని మొండికేసింది. రేపే చేరాలంట. ఏం చెయ్యమంటావ్?"

"చేపలేంటక్కా? ఏదో ఒక కాలేజీలో కంప్యూటర్స్‌లో పడెయ్, తర్వాత ఇక్కడికి నేను లాగేస్తా. మీ మరదలు చదివింది కదా ఆ చదువు, ఏం ఒరిగింది? ఇదిగో, సింకు దగ్గర చేప కోసుకుంటోంది." నావైపు తిరిగి, "నువ్వే చెప్పు దానికి. నీ మాటైతే వింటుంది" అన్నాడు.

"అత్తయ్యా" అంది వదిన కూతురు గీతాంజలి. "నిజంగా ఏం ఉపయోగం లేదా? మీరెలా చెప్తే అలాగే చేస్తాను."

కొళాయి కట్టేశాను. ఆఖరి ఏడాది కైకలూరు దగ్గర రాజారావుగారి చెరువు గుర్తొచ్చింది. తెల్లవారుతుండగా చేపలన్నీ పైకి తేలి నోళ్ళు తెరుస్తున్నాయి. మేం చదువుకోడానికి వచ్చిన పిల్లలమని తెలిసీ ఆయన నావైపు తిరిగి, "ఏం చెయ్యమంటారమ్మా?" అన్నాడు. గాలి చాలడం లేదు, మేత ఆపి ఇంజను పెట్టి కొత్తనీరు తోడించండి అన్నాను. ఆయన వెంటనే గట్టుమీద వాళ్ళని కేకేశాడు. ఎండెక్కేసరికి చేపలు కిందికి దిగాయి. ఆ పొద్దున నేను చెప్పేదాకా ఒక పెద్దమనిషి ఆగాడు. ఈ ఇంట్లో నా పులుసు కోసం ఆగుతారు, నా ఇస్త్రీ కోసం ఆగుతారు. నా మాట కోసం ఎవరూ ఆగలేదు. ఇప్పుడు మళ్ళీ ఒక పిల్ల ఆగింది.

"మామయ్య అన్నది నిజమే గీతా, చేప కోసుకుంటున్నాను" అన్నాను. "కానీ ఇది ఆ కాలేజీలో నేర్చుకున్నది కాదమ్మా, పెళ్ళయ్యాక నేర్చుకున్నాను. అక్కడ పైనుంచి నీళ్ళు చూసి లోపలేం జరుగుతోందో చెప్పడం నేర్పుతారు. గుడ్లు పొదిగించడం, జబ్బుని ముందే పసిగట్టడం, బురదలో దిగడానికి జంకకపోవడం నేర్పుతారు. నువ్వు చేరు. రేపు నేనూ చేరుతున్నాను."

అటువైపు వదిన ఏదో అంటుండగానే గోపీకృష్ణ స్పీకర్ ఆపేశాడు.

"నాతో ఒక్క మాటైనా అనలేదే?"

"పోయినవారమే అన్నాను. పేపరు చదువుకుంటున్నారు." చేతులు కడుక్కుని, సగం గీకిన చేపని అతనివైపు జరిపాను.

"మీ టీమ్ వచ్చే వేళయింది. తోక వైపు నుంచి గీకండి. బాగా ఎదిగింది కదా, పొలుసు గట్టిగా ఉంటుంది."