మొదటి ర్యాంకు పిచ్చుక

కుట్టుమిషన్లు బాగుచేసే అతనికి ఒక్కతే కూతురు. ఆ పిల్ల నోటికి మూత ఉండేది కాదు. నాలుగేళ్లప్పుడే షాపుకొచ్చిన ప్రతి ఆడమనిషినీ పలకరించి, వాళ్లింట్లో ఎవరు గురకపెడతారో కూడా కూపీ లాగేది. "ఇది పిల్ల కాదే, పిచ్చుక" అన్నాడతను భార్యతో. ఆ పేరే ఖాయమైపోయింది.

భార్య ఊరవతల వాలు మీదున్న బోర్డింగ్ స్కూల్లో దుప్పట్లు ఉతికే పని చేసేది. ఆరో తరగతిలో ఏటా పదిమంది పిల్లల్ని ఫీజు లేకుండా చేర్చుకుంటారని, దానికి ప్రవేశపరీక్ష ఉంటుందని అక్కడే విని వచ్చింది. "నేనుతికే దుప్పటి కప్పుకుని మన పిచ్చుక అక్కడ చదవాలయ్యా" అనేది. ఏడాది తిరక్కుండానే జబ్బుచేసి పోయింది. పిచ్చుకకి అప్పుడు తొమ్మిదేళ్లు.

ఆ మాటని అతను గట్టిగా పట్టుకున్నాడు. పట్టుకోవడానికి ఇంకేం మిగిలింది గనక? షాపు వెనకగదిలో బల్ల వేశాడు. పాత ప్రశ్నపత్రాలు తెచ్చాడు. తెల్లవారితే లెక్కలు, స్కూలు నుంచి రాగానే వ్యాకరణం. తను మిషను విప్పుతూనే చెవి అటు వేసి ఉంచేవాడు. గదిలోంచి "నాన్నా, ఒకటి అడగనా?" అని వినపడితే చాలు, "లెక్కేనా?" అనేవాడు. కాదంటే, "తర్వాత చెబుదువుగాని. ముందు పేజీ కానీ" అనేవాడు.

ఆ 'తర్వాత' అనేది ఎప్పుడూ రాలేదు.

ఎదురింట్లో ఉండే అతని అక్క చూస్తూ ఊరుకోలేకపోయింది. "ఒరేయ్, దాన్ని కాసేపు బయటికి వదలరా. మిషనుకైనా మధ్యలో నూనె వేస్తావు కదా!"

"రెండేళ్లు ఓర్చుకోవే అక్కా. సీటొచ్చాక ఎంతసేపైనా వాగనీ" అన్నాడు.

మెల్లమెల్లగా పిచ్చుక అడగడం మానేసింది. పిల్లకి బుద్ధి వచ్చిందనుకుని సంతోషించాడు.

పరీక్షలో నూటికి తొంభై ఆరు వచ్చాయి. మూడువందల మందిలో మొదటి ర్యాంకు. ఆ కాగితం పట్టుకుని వీధంతా తిరిగాడు. సూదులు అమ్మేవాడికీ, గుండీల కొట్టువాడికీ, దారిన పోయేవాళ్లకీ చూపించాడు. "ఇంకేముందయ్యా, సీటు నీ జేబులో ఉన్నట్టే" అన్నారు అందరూ. ఇంటర్వ్యూ ఉందన్నది అతను పెద్దగా పట్టించుకోలేదు. మొదటి ర్యాంకుని ఎవరు కాదంటారు?

ఇంటర్వ్యూ గదిలో ముగ్గురు కూర్చున్నారు. తల్లిదండ్రుల్ని వెనక కుర్చీల్లో కూర్చోనిచ్చారు. ఆ ముగ్గురిలో ఉన్న ప్రిన్సిపాలమ్మ నవ్వుతూ అడిగింది. "ఈమధ్య ఎవరితోనైనా పోట్లాడావా?"

పిచ్చుక ప్రశ్నపత్రం కోసం వెతుకుతున్నట్టు బల్ల మీదికి చూసింది.

"పోనీ, నీకు బాగా నవ్వొచ్చిన సంగతేదైనా చెప్పు."

పిచ్చుక వేళ్లు గౌను అంచుని నలుపుతున్నాయి.

"నీకు దిగులేస్తే ఎవరితో చెప్పుకుంటావమ్మా?"

పిల్ల వెనక్కి తిరిగి తండ్రి వైపు చూసింది. తప్పు చేసినట్టు ముఖం పెట్టి, గుసగుసగా అంది. "నాన్నా, ఇవి మనం చదవలేదు."

అతను గబుక్కున లేచి ఏదో చెప్పబోతే, ప్రిన్సిపాలమ్మ పక్కనున్నాయన చేత్తో వారించాడు.

పదిరోజులకి ఉత్తరం వచ్చింది. సీటు లేదు. ఏదో పొరపాటు జరిగిందనుకుని మర్నాడే షాపు మూసేసి స్కూలుకి పరుగెత్తాడు. ప్రిన్సిపాలమ్మ కూర్చోమంది. కసరలేదు. కసిరినా బాగుండేది.

"పరీక్ష గేటు దాటించేవరకేనండీ. నలభై మంది దాటారు. దాటాక ఒకరికి తొంభై ఆరు, ఒకరికి డెబ్బై అన్న తేడా మేం అంతగా చూడం. ఇక్కడ ఒక్కో గదిలో పన్నెండుమంది పిల్లలు ఇంటికి దూరంగా బతకాలి. ఒంట్లో బాగోకపోతే చెప్పాలి, బెంగ పుడితే పక్కమంచం పిల్లని లేపాలి. మీ అమ్మాయి తెలివైనదే. కానీ నోరు తెరవని పిల్లని తీసుకోవాలంటే మాకు భయం."

"అది వాగుడుకాయండీ!" అన్నాడతను. "దాని పేరే పిచ్చుక. మీకు తెలీదు. నోరు మూయించింది నేను. తప్పు నాది, దానిది కాదు. వచ్చే ఏడైనా..."

"ఆరో తరగతిలోనే చేర్చుకుంటామండీ" అంది ఆవిడ చాలా మెల్లగా.

బయటికి వస్తుంటే దండేల మీద తెల్ల దుప్పట్లు ఆరేసి ఉన్నాయి. అటు చూడలేక తలవంచుకుని నడిచాడు.

ఇంటికొచ్చేసరికి పిచ్చుక పుస్తకం ముందే ఉంది. "ఇంకెన్ని మార్కులు రావాల్సింది నాన్నా?" అని అడిగింది.

అతను పుస్తకం మూశాడు. పిల్ల పక్కన నేలమీద చతికిలబడ్డాడు. "మార్కులు చాలినన్ని వచ్చాయమ్మా. నిన్ను మాట్లాడనివ్వలేదు నేను. అదీ సంగతి. ఇప్పుడు అడుగు. అప్పట్లో ఏదో అడగాలనేదానివి కదా, అదేంటో అడుగు."

పిచ్చుక బల్ల వైపు చూసింది. అడగొచ్చో కూడదో తేల్చుకోలేకపోతున్నట్టుంది. చివరికి అంది.

"ఆసుపత్రిలో అమ్మ నన్ను అడిగిందా?"

రెండేళ్లుగా ఆ పిల్ల గొంతులో ఇరుక్కున్నది ఇదన్నమాట. అబద్ధం చెప్పేద్దామని ఒక్క క్షణం మనసు లాగింది. చెప్పలేకపోయాడు.

"అడిగిందమ్మా. చివరిరోజు పొద్దున్న తీసుకురమ్మంది. నీకు స్కూల్లో పరీక్ష ఉందని, సాయంత్రం తెస్తానన్నాను." మూసిన పుస్తకాన్ని పక్కకి జరిపాడు. "సాయంత్రం దాకా ఉండలేదు."

పిచ్చుక ఏడవలేదు. "ఏం పరీక్ష అది?" అని అడిగింది.

ఆలోచించాడు. ఎంత ఆలోచించినా అది ఏ పరీక్షో, ఎన్ని మార్కులొచ్చాయో అతనికి గుర్తు రాలేదు.

"తెలీదమ్మా" అన్నాడు.

పిల్ల లేచి, తండ్రి ముఖం చూడకుండా, ఎదురింట్లో అత్త దగ్గరికి వెళ్లిపోయింది. కాసేపటికి అక్కడినుంచి వెక్కివెక్కి ఏడుపు, ఏడుపు మధ్యలో మాటలు వినిపించాయి. ఏం చెబుతోందో తన గుమ్మంలో నిలబడ్డ అతనికి అందలేదు. వెళ్లి వినే హక్కు తనకుందో లేదో తెలియక, అక్కడే ఉండిపోయాడు.